తూము తీసే ముందు: ఒక వైట్ స్పాట్ గుంట కథ

ఈ కేసు వైట్ స్పాట్ అనే వైరస్ రోగం తగిలిన రెండున్నర ఎకరాల వెనామీ రొయ్యల గుంటది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, ఉప్పు కాలువ నుంచి చీలిన ఒక పాయ ఒడ్డున ఉంది. (బకింగ్‌హామ్ కాలువని మా వైపు ఉప్పు కాలువ అనే అంటారు.) ఆ పాయ మీద ఇరవై దాకా గుంటలున్నాయి. అందరూ నీళ్ళు తోడుకునేది దాంట్లోంచే, వదిలేదీ దాంట్లోకే. పాయ మలుపు తిరిగే చోట యానాదుల ఇళ్ళు పదిహేను ఉంటాయి. వాళ్ళు పీతలు పట్టుకునేదీ ఆ నీళ్ళలోనే.

ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుకుని, ఇన్నేళ్ళుగా రైతుల గుంటలు చూస్తూ బతుకుతున్నాను. వైట్ స్పాట్ కేసులు చాలా చూశాను. ఈ రోగానికి మందు లేదని ఈ తీరంలో 1994-95 నుంచీ అందరికీ తెలుసు. అప్పట్లో టైగర్ రొయ్యని తుడిచిపెట్టింది ఇదే. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక అదే వైరస్ దీన్నీ పట్టుకుంది. కాబట్టి ఈ కేసులో వైద్యం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నేను రాయదలచుకున్నది రొయ్య చచ్చిపోయాక గుంటలో మిగిలిన కోటీ ఇరవై లక్షల లీటర్ల నీళ్ళ గురించి. ఆ నీళ్ళు ఎవరివి, ఎవరి మీదకి పోతాయి, వాటి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నది.

దీనికి ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే ఈ కేసులో నేనెందుకంత పట్టుబట్టానో అర్థం కాదు.

కొన్నేళ్ళ కిందట, మే నెల. ఇదే పాయ మీద, ఇంకో గుంట. వైట్ స్పాట్ తేలింది. పుస్తకంలో ఉన్నట్టే 30 పీపీఎం (లీటరుకి 30 మిల్లీగ్రాముల) క్లోరిన్ లెక్కన బ్లీచింగ్ కొట్టించాను. వైరస్ చచ్చిపోయి ఉంటుంది, రైతుకి గుంట తొందరగా ఎండాలి అని మర్నాడు సాయంత్రం తూము తీయించాను. నీళ్ళలో క్లోరిన్ ఇంకా ఎంత మిగిలిందో చూడలేదు. ఇంకో సంగతీ ఆలోచించలేదు. ఎండాకాలంలో మా వైపు కాలువల మొగలు (సముద్రంలో కలిసే చోట్లు) ఇసుక మేట వేసి దాదాపు మూసుకుపోతాయి. సముద్రంలోకి నీళ్ళు సరిగ్గా పోవు. పోటు వచ్చినా పాటు వచ్చినా ఆ నీళ్ళు అక్కడక్కడే ఊగుతుంటాయి. తెల్లారి వెళ్ళేసరికి పాయ అంచున చేపపిల్లలు తెల్లగా తేలి ఉన్నాయి. మండపీతలు నీళ్ళలో ఉండలేక బురద గట్టెక్కి, ఎండలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాయి. పదేళ్ళ పిల్లవాడొకడు చచ్చిన చేపలని సంచిలో ఏరుతున్నాడు. తినొద్దురా, మందు పడింది అన్నాను. ఎవురు పోశారు సార్ అని అడిగాడు. నేనే అని చెప్పలేకపోయాను.

వైరస్ పక్క గుంటలకి పాకకుండా ఆపానని ఆ రోజు నా రికార్డులో రాసుకున్నాను. ఆ రాసింది అబద్ధం కాదు. అయితే పాయలో బతికే దేనికీ ఆ రికార్డులో చోటు లేదు. రోగకారకాన్ని చంపడం ఒక్కటే నా పని అనుకున్నంత కాలం, నీళ్ళలోని మిగతా ప్రాణాలన్నీ నా కంటికి ‘క్యారియర్లు’గానే, అంటే రోగం మోసేవిగానే, కనిపించాయి.

ఇప్పుడు అసలు కేసు.

నవంబరు. రెండు రోజులుగా ముసురు. సీడు (రొయ్యపిల్లలు) వేసి 48 రోజులు. ఎకరాకి లక్షా ఇరవై వేల చొప్పున మొత్తం మూడు లక్షల సీడు. పొద్దున అయిదున్నరకి కౌలు రైతు ఫోను: “సార్, ట్రేలో మేత అట్నే ఉండాది. రొయ్య గట్టు పక్కకొచ్చి తేల్తా ఉండాది. కొంగలు దిగినాయి.” కొంగలు దిగాయన్న మాట వినగానే నాకు సగం అర్థమైంది. ఆరోగ్యంగా ఉన్న రొయ్య అడుగున ఉంటుంది. జబ్బుపడ్డది పైకొస్తుంది, పక్షికి ముందు తెలుస్తుంది.

వెళ్ళి చూస్తే రొయ్య ఒళ్ళు ఎర్రబడి ఉంది. తల పెంకు ఒలిచి వెలుతురుకి పెడితే లోపలి వైపు చిన్న చిన్న తెల్ల మచ్చలు. వెనామీలో ఈ మచ్చలు ప్రతిసారీ కనబడవు. ఈసారి కనబడ్డాయి. మొప్పలూ ఈత కాళ్ళూ కత్తిరించి స్పిరిట్‌లో వేసి ల్యాబుకి పంపాం. మర్నాడు సాయంత్రానికి పీసీఆర్ పాజిటివ్ అని వచ్చింది. ఈ రోగం బయటపడ్డాక గుంటంతా పోవడానికి మూడు నుంచి పది రోజులు చాలు. వాన చల్లదనంలో ఇంకా తొందరగా సాగుతుంది.

ఇలాంటప్పుడు అందరూ చేసేది ఒకటే. తూముకి సంచి వల కట్టి, పలకలు లేపేసి నీళ్ళు వదులుతారు. నీళ్ళతో పాటు రొయ్య వలలోకి వచ్చి పడుతుంది. కొన్ని గంటల్లో పట్టుబడి అయిపోతుంది, కూలీ తక్కువ. ఆ నీళ్ళతో వైరస్ పాయలోకి పోతుంది. పక్కవాడి మోటారు పోటు మీద దాన్నే తోడుకుంటుంది. పాయలో పుట్టి పెరిగే అడవి రొయ్యకీ అదే అంటుకుంటుంది, ఎందుకంటే ఈ వైరస్‌కి పది కాళ్ళ జీవులన్నీ లోకువే. పీత చాలాసార్లు చావదు గానీ దాన్ని మోస్తుంది.

నేను తూము తియ్యొద్దన్నాను. పలకల మధ్య బంకమట్టి కూరి, ముందు ఇసుక మూటలు పేర్చాం. లాగుడు వలతోనే పట్టాలన్నాను. పట్టుబడి వాళ్ళు ఒప్పుకోలేదు, రెట్టింపు కూలీ అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమే, నడుం లోతు నీళ్ళలో వానలో అంతసేపు లాగాలి. రైతు నా వైపు చూశాడు. ఇచ్చేద్దాం అన్నాను. ఆ మాట అనే హక్కు నాకు లేదని తర్వాత తెలిసొచ్చింది.

మూడో రోజు తెల్లవారుజామున మొదలుపెడితే మధ్యాహ్నానికి వెయ్యి కిలోలు దాటింది. గట్టు మీద ముందే మంచు కలిపిన నీళ్ళ తొట్లు పెట్టించాను. పట్టిన రొయ్యని ఖాళీ ట్రేలో పోస్తే చాలాసేపు ఎగిరెగిరి పడుతుంది. మంచు నీళ్ళలో వేస్తే కదలిక తొందరగా ఆగిపోతుంది. సరుకు నాణ్యత కోసం అని రొయ్య కొనే కంపెనీ వాళ్ళకి చెబుతాం, అదీ నిజమే. నేను పెట్టించింది మాత్రం రొయ్య కోసం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మొదట్లోనే, మనిషి తప్ప ప్రాణమున్న జీవి ఏదైనా జంతువే అని రాసి ఉంది. ఆ లెక్కన రొయ్య కూడా జంతువే. మా వృత్తిలో ఈ మాట ఎవరూ అనగా నేను వినలేదు. బ్రిటన్‌లో 2022లో చేసిన చట్టం రొయ్యనీ పీతనీ బాధ తెలిసిన జీవుల్లో చేర్చింది. మనం వేసే సీడు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాళ్ళకి ఇది ఇంకొంచెం గుచ్చుకుంటుంది. సీడు పుట్టించే హేచరీల్లో తల్లి రొయ్య తొందరగా గుడ్డు పట్టాలని ఒక కంటి కాడ కత్తిరిస్తారు. గుడ్డు ఎదగనివ్వని హార్మోను ఆ కాడలో ఉంటుంది కాబట్టి. నేను ఈ వృత్తి మానలేదు, మానమని ఎవరికీ చెప్పడం లేదు. లక్షల ప్రాణాలని పెంచి అమ్మేవాళ్ళం వాటి చావు ఎలా ఉందో చూడవలసిన బాధ్యత మనది కాదంటే మాత్రం ఒప్పుకోను.

పట్టుబడి అయ్యాక అసలు మాట వచ్చింది. గట్టు మీద కూర్చుని లెక్క కట్టాను. రెండున్నర ఎకరాలు, సుమారు నాలుగడుగుల (1.2 మీటర్ల) నీళ్ళు. లీటరుకి 30 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 364 కిలోల క్లోరిన్. బ్లీచింగ్ పొడిలో క్లోరిన్ ఉండేది 30 శాతం. అంటే పన్నెండు వందల కిలోల పైచిలుకు పొడి, పాతిక కిలోల మూటలు 49.

రైతు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “గుంట పోయింది, అప్పు నిలబడింది. ఇప్పుడు కాలవ కోసం ఇంకో అప్పు చెయ్యమంటారా సార్?”

దీనికి నా దగ్గర జవాబు లేదు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వెనామీకి పెట్టిన నిబంధనల్లో అంతా స్పష్టంగా ఉంది. రోగం వస్తే వలతోనే పట్టాలి. నీళ్ళు క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఆ క్లోరిన్ కూడా పోయాకే బయటికి వదలాలి. గుంట ఎంత చిన్నదైనా వ్యర్థజలాల శుద్ధికి ఏర్పాటుండాలి. రాసినవాళ్ళు మంచి మనసుతోనే రాశారు. అయితే రెండున్నర ఎకరాల కౌలు గుంటలో శుద్ధి చెరువుకి చోటెక్కడ? భూమి ఒకరిది, కౌలు ఒకరిది, మేత అప్పు డీలరుది, రొయ్య కంపెనీది. లాభం ఇంతమంది పంచుకుంటారు. గుంట చచ్చిన రోజున ఆ 49 మూటల ముందు నిలబడేది కౌలుదారు ఒక్కడే.

ఈ గొడవ పాతది. ఎస్. జగన్నాథన్ అనే సర్వోదయ నాయకుడు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న తీర్పు చెబుతూ, పాడుచేసినవాడే నష్టం కట్టాలన్న సూత్రాన్ని రొయ్యల సాగు మీద పెట్టింది. తర్వాత 2005లో పార్లమెంటు చట్టం తెచ్చి సాగుని అథారిటీ కిందికి చేర్చింది. 2023 సవరణలో జైలుశిక్ష తీసేసి జరిమానాలు పెట్టారు. చిన్న రైతుని జైల్లో వేయకపోవడం మంచిదే అని నా అభిప్రాయం. కానీ అడవులనీ వన్యప్రాణులనీ కాపాడమని 1976లో రాజ్యాంగంలో చేర్చినప్పుడు, ఆ బాధ్యతని రెండు చోట్ల రాశారు: 48-ఎ అధికరణంలో ప్రభుత్వానికి, 51-ఎ(జి)లో పౌరుడికి. మా పాయ మీద రెండోది ఒక్కటే అమల్లో ఉంది, అదీ బీదవాడైన పౌరుడి మీద. ఇరవై గుంటలకీ కలిపి ఒక ఉమ్మడి శుద్ధి చెరువు, రోగం వచ్చిన రోజు వాడుకోవడానికి మండలంలో బ్లీచింగ్ నిల్వ. ఇవి ఊరికి బడీ నీళ్ళ ట్యాంకూ కట్టినట్టు కట్టవలసినవి. ఒక్క రైతు మంచితనంతో అయ్యే పనులు కావు.

ఆ సాయంత్రం మాత్రం మంచితనంతోనే నడపాల్సి వచ్చింది. చుట్టుపక్కల అయిదు గుంటల వాళ్ళని గట్టు మీదికి పిలిచాను. తూము తీస్తే పోటు మీద ఈ నీళ్ళు మీ మోటార్లలోకే వస్తాయని చూపించాను. వచ్చిన నలుగురూ కలిసి 24 మూటలు ఇస్తామన్నారు. రైతు 15 తెచ్చాడు. నాకు రావలసిన ఫీజుకి బదులు పది నేను వేశాను. అయిదో గుంటాయన, మాకు కింద వైపున్నవాడు, రాలేదు.

పొద్దు గూకాక కొట్టించాం. ఎండలో క్లోరిన్ తొందరగా విరిగిపోతుంది కాబట్టి బ్లీచింగ్ ఎప్పుడూ సాయంత్రమే వేయాలి. గాలికి ఎదురు నిలబడకుండా, మూతికి తడిగుడ్డ కట్టుకుని, మూటలు కరిగించి చల్లారు. నీళ్ళు కలవడానికి రాత్రంతా ఏరేటర్లు తిప్పాం. అంతకు ముందే గట్టు లోపలి వైపు పీత కంచె వేయించాను, గుంటలోని పీతలు ఎక్కి పాయలోకి పోకుండా. బ్లీచింగ్ ఘాటుకి అవి కంచె దాకా వచ్చి వల మీద పాకాయి. లోపలే చచ్చాయి. మే నెలలో గట్టెక్కిన పీతలని చూసి బాధపడ్డవాడిని, ఈసారి గట్టెక్కకుండా కంచె కట్టి చంపినవాడినీ నేనే. పాయలో ఉన్నవాటి కోసం గుంటలో ఉన్నవాటిని బలిచ్చాను. ఇంకో దారి నాకు కనబడలేదు. అయినా దీన్ని ‘నష్టం: ఏమీ లేదు’ అని రాయను.

మర్నాడు చచ్చినవాటిని ఏరి, నీళ్ళకి దూరంగా గుంత తీసి సున్నం వేసి పూడ్చాం. పక్షుల సంగతీ అప్పుడే తేలింది. కాకులూ కొంగలూ చచ్చిన రొయ్యని ఎత్తుకుపోయి పక్క గుంటలో జారవిడుస్తాయి, రోగం పాకే దారుల్లో అదొకటి. అందుకని గుంట మీద దారాలు కడతారు. ఈ గుంట మీద కట్టింది సన్నటి తెల్ల నైలాను, కంటికి ఆనదు. ఒక నీటికాకి రెక్క దాంట్లో చిక్కుకుని వేలాడుతోంది. కోసి విడిపించేసరికి రెక్క ఎముక బయటికి కనబడుతోంది. మధ్యాహ్నానికి పోయింది. దారం పీకించి, లావుపాటి ఎర్ర తాడు కట్టించి, మధ్య మధ్యలో మెరుపు రిబ్బన్లు వేలాడదీశాం. పక్షికి తాడు కనబడితే దిగదు, చిక్కుకోదు. ఖర్చులో పెద్ద తేడా లేదు. ఇన్నేళ్ళూ ఇది చెప్పకపోవడానికి నాకు సాకు లేదు.

ఆ మధ్యాహ్నమే పాయ మలుపులోని ఇళ్ళ నుంచి ఒకావిడ గట్టు మీదికొచ్చింది. యాభై దాటి ఉంటాయి. చేతిలో పీత బొక్కల్లో పెట్టే ఇనప కొక్కెం. వచ్చీ రాగానే అడిగింది: “అయ్యా, తూము ఎప్పుడు తీస్తారు?”

ఎందుకమ్మా అన్నాను.

“మందు వాసనొచ్చిన రెండు మూడు దినాలకి తీస్తారు గదా. తీసినాక మాకు పీత దొరకదు. నెల అయినా దొరకదు. ముందే చెప్తే ఉన్న కాడికి పట్టుకుంటాం.”

అంటే వాళ్ళు బ్లీచింగ్ వాసనని బట్టి తమ ఆకలి ఎప్పుడు మొదలవుతుందో లెక్కేసుకుంటున్నారు. ఎన్నేళ్ళుగానో. గుంట రైతుకి అథారిటీ ఉంది, మత్స్యశాఖ ఉంది, నాలాంటివాడున్నాడు. పాయ మీద బతికేవాళ్ళకి తూము తీస్తున్నామని కబురు పెట్టాలన్న ఆలోచన మాలో ఎవరికీ ఎన్నడూ రాలేదు. ఈసారి మందు విరిగిపోయాకే తీస్తామమ్మా, తీసే ముందు మీ ఇళ్ళకొచ్చి చెబుతాం అన్నాను. ఆమె నమ్మినట్టు కనబడలేదు.

అయిదో రోజు నుంచి అల్పపీడనం. ఎండ లేదు, క్లోరిన్ విరగడం లేదు. పై నుంచి వాన, గుంట నిండుతోంది. గట్టు మీద అడుగున్నర ఎత్తు మిగిలితే అది ముప్పావు అడుగుకి వచ్చింది. తెగితే మొత్తం ఒక్కసారిగా పాయలోకి పోతుంది. రైతూ, అతని బావమరిదీ, నేనూ రెండు రాత్రులు ఇసుక మూటలు వేస్తూనే ఉన్నాం. అతని అప్పు సంగతి తెలిసీ ఆ రాత్రులు అతన్ని ఇంటికి పొమ్మనలేకపోయాను.

ఏడో రోజు రాత్రి కింది గుంటాయన తూము తీసేశాడు. వాళ్ళ రొయ్యకీ అప్పటికే వచ్చేసింది. తెల్లారి వెళ్ళి అడిగితే, గట్టు తెగేట్టుంటే ఏం చెయ్యమంటావయ్యా అన్నాడు. ఆయనా కౌలుదారే. శాఖకి రాసి ఉండవలసింది. రాయలేదు. బీదవాడి మీద ఫిర్యాదు చేయడం నాకు మనసొప్పలేదు, దాని వల్ల పాయకి న్యాయం చేయలేకపోయాను. ఈ కేసులో నేను ఓడిన చోటు ఇది. పాయ మీద ఒక గుంట నీళ్ళు శుద్ధి చేసినంత మాత్రాన వైరస్ ఆగిందని చెప్పుకోలేను. ఆ సీజన్‌లో ఇంకో మూడు గుంటలు పోయాయి. బ్లీచింగ్ ఇచ్చిన నలుగురిలో ఒకరిది కూడా.

తొమ్మిదో రోజు ఎండ కాసింది. పన్నెండో రోజు క్లోరిన్ చూసే కిట్‌లో పసుపు రంగు రాలేదు, క్లోరిన్ లేదు. నాకు కిట్ మీద నమ్మకం చాలలేదు. పాయలో పట్టిన ఇరవై చేపపిల్లలని హాపాలో (సన్న కన్నుల వల పెట్టెలో) వేసి ఆ గుంట నీళ్ళలో వదిలాం. వాటిని పరీక్షకి పెట్టడం కూడా ఒక వాడుకోవడమే, తెలుసు. రెండు రోజులకి పద్దెనిమిది బతికే ఉన్నాయి, చురుగ్గా తిరుగుతున్నాయి.

పదిహేనో రోజు పొద్దున యానాదుల ఇళ్ళకి వెళ్ళి, ఇవాళ తూము తీస్తున్నాం అని చెప్పాను. ఆ రోజు గట్టు మీదికొచ్చినావిడ, తీసే వేళ ఏదని అడిగింది. పదింటికి అన్నాను. ఆమె పాయ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

“పదింటికి పోటు ఎక్కతా ఉంటాది. మీ నీళ్ళంతా మా మలుపులోకే ఎక్కొస్తాయి. మజ్జానం మీద పాటు మళ్ళుకుంటాది, అప్పుడు తియ్యండి. అంతలో మేము బుట్టలు ఎత్తుకుంటాం.”

నేను రైతుకి ఫోన్ చేసి ఆగమన్నాను. ఒంటి గంట దాటాక, ఆమె మనవడు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాక, హాపాలోని చేపపిల్లలని పాయలో వదిలి, తూము పై పలక ఒక్కటి లేపాం.